న్యూయార్క్ టాక్సీ బిళ్ల: కొనేముందు కట్టాల్సిన లెక్క

న్యూయార్క్ పసుపు టాక్సీల బానెట్ మీద ఒక రేకు బిళ్ల బిగించి ఉంటుంది. ఒక అంకె, ఒక అక్షరం, మళ్లీ రెండు అంకెలు, అంతే దాని మీద రాత. మెడాలియన్ అంటారు దాన్ని. వెనకటికి కచేరీలో బిళ్ల బంట్రోతుకి గౌరవం దక్కిందంటే ఆ ఇత్తడిని చూసి కాదు, దాని వెనకున్న సర్కారును చూసి. ఈ బిళ్లదీ అదే కథ. ధరలు బాగా దిగాయి కదా, ఒకటో రెండో కొని లీజుకిస్తే నెలనెలా అద్దె వస్తుందా అని అడిగేవాళ్లు మళ్లీ కనబడుతున్నారు. వస్తుంది. కాకపోతే ఎంతకు కొంటే గిట్టుతుందో ఒకప్పటి ధర చెప్పదు. లీజు చెబుతుంది. ఆ లెక్క ఎలా కట్టాలో, కాగితాల్లో ఏం వెతకాలో, ఎక్కడ దెబ్బ తగులుతుందో రాస్తున్నాను.

ముందు, అసలు కొంటున్నదేమిటో తేల్చుకోవాలి. రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకునే హక్కు. మెడాలియన్ ఇచ్చేది ఇదొక్కటే. మన్‌హట్టన్‌లో తూర్పు 96వ వీధికీ పశ్చిమ 110వ వీధికీ దక్షిణాన, ఇంకా జేఎఫ్‌కే, లాగార్డియా విమానాశ్రయాల్లో ఆ హక్కు పసుపు టాక్సీలకే సొంతం. మిగిలిన చోట్ల 2013 నుంచి ఆకుపచ్చ టాక్సీలకూ ఇచ్చారు. ఇక యాప్‌లో పిలిపించుకున్న కారు ఈ హక్కు కిందికి రాదు. యాప్ నొక్కడమూ చెయ్యెత్తడంతో సమానమేనని మెడాలియన్లకు అప్పులిచ్చిన క్రెడిట్ యూనియన్లు, అంటే సభ్యుల సహకార పొదుపు సంస్థలు, కోర్టుకెక్కితే, 2015లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ కోర్టు ఒప్పుకోలేదు. మరుసటి ఏడు చికాగో టాక్సీ యజమానుల కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తరఫున జడ్జి రిచర్డ్ పోస్నర్ ఇంకా తేటగా రాశారు. లైసెన్స్ మీ ఆస్తే, కానీ పోటీ లేకుండా బతికే హక్కు ఆ ఆస్తిలో లేదని ఆ తీర్పు సారాంశం. మెడాలియన్ కొనాలనుకునేవాళ్లు ముందుగా మనసుకు పట్టించుకోవాల్సిన మాట ఇదే. బిళ్లల సంఖ్య పెంచకపోయినా, పక్కన ఇంకో దారి తెరిస్తే చాలు, మీ బిళ్ల విలువ కరిగిపోతుంది.

ఆ సంఖ్య ఎలా కట్టడి అయిందో కొంచెం చెప్పాలి. 1937లో వచ్చిన హాస్ చట్టంతో లైసెన్సుల సంఖ్యకు గీత గీశారు. అప్పటి రుసుము 10 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సంఖ్య 11,787 దగ్గర ఆగి, 1990ల నడిమి వరకు అక్కడే ఉండిపోయింది. తర్వాత నగరం వేలాలు పెట్టి కొద్దికొద్దిగా పెంచింది. ఇప్పుడు 13,587. నగరం పెరుగుతూ బిళ్లలు పెరగకపోతే ధర పెరగడం సహజం. 2011 అక్టోబరులో రెండు కార్పొరేట్, అంటే కంపెనీ పేరున ఉండే, మెడాలియన్లు ఒక్కోటి 10 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. 2013, 2014 నాటికి ధర ఆ గీత కూడా దాటింది. వేలాలు పెట్టినప్పుడు నగరమే ఇది షేర్ మార్కెట్ కంటే మేలని ప్రకటనలిచ్చి అమ్మింది. అమ్ముతున్నవాడే నిబంధనలు రాసేవాడు కూడా అయినప్పుడు కొనేవాడికి ధైర్యం ఎక్కువవుతుంది. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావాల్సింది అక్కడే.

ఇప్పుడు ఆ 10 లక్షల ధరను లీజుతో తూచి చూద్దాం. గ్యారేజీలు కారుతో సహా టాక్సీని 12 గంటల షిఫ్టుల లెక్కన డ్రైవర్లకు లీజుకిస్తాయి. పగలొకటి, రాత్రొకటి. లీజు ఎంతవరకు వసూలు చెయ్యొచ్చో నగరంలో టాక్సీలను నియంత్రించే టాక్సీ అండ్ లిమోజిన్ కమిషన్, అంటే టీఎల్‌సీ, పరిమితి పెట్టింది. యజమాని ఇష్టమొచ్చినంత పెంచలేడు. సగటున షిఫ్టుకు 120 డాలర్లు అనుకుందాం. వారానికి 14 షిఫ్టులు, ఏడాదికి 52 వారాలు, ఒక్క షిఫ్టూ ఖాళీ పోకపోతే 87,360 డాలర్లు. ఏ గ్యారేజీలోనూ అలా జరగదు. డ్రైవర్ రాని ఆదివారాలు, మరమ్మతు రోజులు, తనిఖీ రోజులు కలిపి 15 శాతం తీసేస్తే 74,000 చిల్లర. అందులోంచి కారు, బీమా, మరమ్మతులు, గ్యారేజీ జీతాలు పోవాలి. వాటికి 40,000 అనుకుంటే చేతికి మిగిలేది 34,000 డాలర్లు. పది లక్షల మీద అది మూడున్నర శాతం కూడా కాదు.

ఆ పది లక్షల్లో 8 లక్షలు 5 శాతం వడ్డీకి తెచ్చిన అప్పనుకోండి. ఒక్క వడ్డీయే ఏడాదికి 40,000. అంటే అన్నీ సవ్యంగా నడిచిన ఏడాదిలో కూడా 6,000 చేతి నుంచి పడుతుంది. 20 ఏళ్లలో అసలు కూడా తీరేలా కట్టాలంటే నెలకు సుమారు 5,280 డాలర్లు, ఏడాదికి 63,000 పైమాటే. ఇంకో మాటలో చెప్పాలంటే, ఉబర్ ఇంకా బలపడకముందే ఆ ధర లీజు మోయగలిగే బరువును దాటిపోయింది. రేపు ఇంకొకడు ఇంకా ఎక్కువకు కొంటాడన్న నమ్మకం మీదే ఆ ధర నిలబడింది. ధర కూలడానికి యాప్‌లే పూర్తి కారణమని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. యాప్‌లు లీజును తగ్గించాయి, నిజమే. కానీ లీజుకు సరిపడా ధరకు కొన్నవాడు తట్టుకునేవాడు. అప్పు ఎంత దొరికితే ధర అంత పెరిగింది, అదే అసలు జబ్బు.

అప్పులు ఎలా ఇచ్చారో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. అసలు కన్నా వడ్డీ ముద్దు అన్నట్టే నడిచింది ఆ వ్యాపారం. చాలా అప్పులకు నెలనెలా కట్టేది వడ్డీ, అసలులో ఏదో కొసరు మాత్రమే. మూడేళ్లకో అయిదేళ్లకో మిగిలిన అసలంతా ఒక్కసారి కట్టాలి. బెలూన్ అంటారు. అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి గడువు రాగానే అప్పును తిరగరాసేవారు. తిరగరాసేటప్పుడు బిళ్ల ధర పెరిగి ఉంటే, ఆ పెరిగిన మేరకు ఇంకా కొంత అప్పు చేతికిచ్చేవారు. ఇంటికో, పిల్లల చదువుకో, రెండో బిళ్లకో ఆ డబ్బు వాడుకున్నవాళ్లు బోలెడుమంది. ధర పెరుగుతున్నంత కాలం ఎవరికీ నొప్పి తెలియలేదు. ధర తగ్గిన మొదటి ఏడు గడువు వచ్చిన వాళ్లకి తిరగరాసే దారి మూసుకుపోయింది. పైగా వ్యక్తిగత పూచీ ఉంది. బిళ్ల పట్టుకుపోయినా బాకీ తీరదు. ఇంటిదాకా వస్తుంది. కొన్ని పత్రాల్లో, బాకీ ఒప్పుకుంటూ ముందే సంతకం చేసిన తీర్పు కాగితం కూడా ఉండేది. ఎగ్గొడితే అప్పిచ్చినవాడు విచారణ లేకుండానే తీర్పు తెచ్చుకోవచ్చు.

పతనం తేదీలు చెప్పి ముందుకెళతాను. ఉబర్ న్యూయార్క్‌లో 2011లో మొదలైంది. 2017 సెప్టెంబరులో దివాలా తీసిన ఒక పెద్ద యజమాని తాలూకు 46 మెడాలియన్లు వేలంలో ఒక్కోటి 1,86,000 డాలర్లకు పోయాయి. టాక్సీ అప్పులకు పేరుపొందిన మెల్రోస్ క్రెడిట్ యూనియన్ 2018 ఆగస్టులో మూతబడింది. అదే నెలలో నగరం యాప్ కార్ల కొత్త లైసెన్సులు ఆపేసింది. అప్పటికి ఆ కార్లు 80,000 అయ్యాయి. 2021 శరదృతువులో డ్రైవర్లు సిటీ హాల్ ముందు నిరాహార దీక్ష చేశాకే చిన్న యజమానుల అప్పులకు ఊరట ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందంలోని అంకెలు కొత్తగా కొనేవాళ్లకు బంగారం. ఎంత పెద్ద బాకీ అయినా 2,00,000 డాలర్లకు దించారు. అందులో 30,000 నగరం గ్రాంటుగా ఇచ్చింది. మిగిలిన 1,70,000కి నగరం హామీ. మొదట అనుకున్న 5 శాతం, 20 ఏళ్ల లెక్కన నెలకు 1,122 డాలర్లు. 2022లో ఖరారయ్యేసరికి వడ్డీ 7.3 శాతానికి పెరిగింది, గడువు 25 ఏళ్లయింది, నెలవారీ 1,234 అయింది. తానే బండి నడిపే యజమాని బిళ్ల కోసం నెలకు ఎంత మొయ్యగలడని డ్రైవర్లు, అప్పులవాళ్లు, నగరం ముగ్గురూ కూర్చుని తేల్చిన అంకె అది. ఈ విషయంలో ఇంతకంటే నమ్మదగిన కొలబద్ద నాకు కనబడలేదు. ఆ ఊరట పాత యజమానులకే, మీకు వర్తించదు. కానీ మీరు లీజుకివ్వబోయే డ్రైవర్ పక్కన నడిపే డ్రైవర్ నెలకు 1,234 కడుతూ బిళ్లకు సొంతదారు కూడా అవుతుంటే, మీ డ్రైవర్ అద్దెగా దానికంటే చాలా ఎక్కువ ఎందుకిస్తాడు? ఇస్తానన్నా ఎన్ని నెలలిస్తాడు?

ఇప్పుడు మీ లెక్క. చిన్న మదుపరికి తేలికైన పద్ధతి, బిళ్ల మాత్రమే లీజుకిచ్చి కారు డ్రైవరునే పెట్టుకోమనడం. నెలకు 1,600 వస్తుందని అనుకుందాం, కాస్త ఉదారంగానే. ఏడాదిలో పది నెలలు లీజులో ఉంటే 16,000. లైసెన్స్ రుసుము, నగరానికి కట్టే వాణిజ్య వాహన పన్ను 1,000, ఏజెంట్ కమిషన్, అకౌంటెంట్ ఖర్చు కలిపి 4,000 తీసేయండి. నికరం 12,000. ప్రభుత్వ బాండు ఏ నష్టభయమూ లేకుండా 4 శాతం ఇస్తుంటే, రేపు రూలు మారితే సగం విలువ పోయే ఆస్తి మీద 12 శాతమైనా రాకపోతే ఎందుకు కొనాలి? ఆ లెక్కన మీరు పెట్టదగ్గ ధర 1,00,000 డాలర్లు. 8 శాతంతో సరిపెట్టుకుంటానంటే 1,50,000. ఖాళీ నెలలు రెండు కాక అయిదైతే నికరం 7,200కి పడుతుంది, 12 శాతం లెక్కన ధర 60,000. గమనించారా, లీజు రేటు ఒక్క డాలరూ తగ్గలేదు. ఖాళీ నెలలు మూడు పెరిగేసరికి విలువలో 40 శాతం పోయింది. బేరగాడు లీజు రేటు గురించి గంట మాట్లాడతాడు, ఖాళీ నెలల గురించి మీరే అడగాలి. అదే బిళ్లకు గత 24 నెలల్లో ఎన్ని నెలలు లీజు జమ అయిందో బ్యాంకు కాగితాలు చూపమనండి. చూపకపోతే ఆ బిళ్ల స్టోరేజీలో, అంటే నడవకుండా మూల పడి ఉందనే అనుకోండి.

మార్కెట్ ధర తెలుసుకోవడానికి టీఎల్‌సీ నెలనెలా ప్రకటించే బదలాయింపుల జాబితా ఉంది. దాన్ని సరిగ్గా చదవడం వేరే విద్య. అందులో తండ్రి కొడుకు పేర రాసినవి, వారసత్వంగా వచ్చినవి, అప్పిచ్చినవాడు జప్తు చేసుకున్నవి కూడా ఉంటాయి. సున్నా డాలర్ల బదిలీ, జప్తు బదిలీ ధరలే కావు, వాటిని పక్కన పెట్టండి. ఒకే రోజు ఒకే కొనుగోలుదారు పది బిళ్లలు తీసుకుంటే అది టోకు బేరం, మీకు ఆ రేటు రాదు. మిగిలినవి కనీసం ఆరు నెలలవి తీసుకుని, వరసలో పేర్చి, నడిమిది చూడండి. సగటు కట్టొద్దు, ఒక్క వింత బేరం సగటును ఎటో లాక్కుపోతుంది. నడిమి ధర మీ లీజు లెక్క కంటే ఎక్కువుంటే కొనకండి. మార్కెట్ అలా ఉంది కదా అని లెక్క దిద్దకూడదు.

కొనే తంతులో అసలు పని కాగితాల దగ్గరే. టీఎల్‌సీ లైసెన్స్ ఉన్న బ్రోకర్ ద్వారానే వెళ్లండి. మీ తరఫున వేరే లాయర్‌ని పెట్టుకోండి. బ్రోకర్ చూపించిన లాయర్ వద్దు.

మొట్టమొదట తనఖాలు. మెడాలియన్ చరాస్తి కింద లెక్క కాబట్టి, దాని మీద అప్పిచ్చినవాళ్లు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర యూసీసీ కాగితం, అంటే తనఖా ఉందని చెప్పే నమోదు, దాఖలు చేస్తారు. అమ్మేవాడి పేరు మీదా, అతని కంపెనీ పేరు మీదా, పేరు స్పెల్లింగ్ తేడాలతో సహా వెతికించండి. దక్షిణాసియా పేర్లు మూడు రకాలుగా రాసి ఉండటం మామూలే, ఒక్క అక్షరం తేడాతో పాత తనఖా కంటికి ఆనకుండా పోతుంది. తనఖా దొరికితే అప్పిచ్చినవాడి నుంచి ఎంత కడితే విడుదల చేస్తాడో తేదీతో సహా ఉత్తరం తెప్పించుకోండి. మీ డబ్బు అమ్మేవాడి చేతికి కాకుండా నేరుగా ఆ అప్పుకు వెళ్లాలి. విడుదల కాగితం దాఖలైందో లేదో తర్వాత మళ్లీ చూడాలి. అప్పులు ఒకరి నుంచి ఇంకొకరికి అమ్ముడైన సందర్భాలు చాలా ఉన్నాయి. క్రెడిట్ యూనియన్లు మూతబడ్డాక వేల మెడాలియన్ల అప్పులు 2020లో ఒక పెట్టుబడి సంస్థ చేతికి మారాయి. అందువల్ల విడుదల ఉత్తరం మీద సంతకం చేసినవాడికి నిజంగా ఆ అప్పు మీద హక్కు ఉందో లేదో తేల్చుకోవడం చాదస్తం కాదు.

తర్వాత ప్రమాద కేసులు. అమ్మేవాడి టాక్సీ ఎవరినైనా గుద్ది, బీమా పరిమితికి మించి దావా నడుస్తుంటే అది బదిలీకి అడ్డం పడుతుంది. బీమా కంపెనీ నుంచి ప్రమాదాల చరిత్ర, పెండింగ్ దావాల జాబితా తీసుకోవాలి. మీరు కొన్నాక కూడా ఇదే భయం మీకుంటుంది. అందుకే పాతకాలం నుంచి యజమానులు ఒక్కో కంపెనీలో రెండే బిళ్లలు పెట్టే పద్ధతి వచ్చింది. 1966లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు దాకా వెళ్లిన వాల్కోవ్‌స్కీ కేసు దీని మీదే. పది కంపెనీలు, ఒక్కోదాంట్లో రెండేసి టాక్సీలు, ఒక్కోదానికి చట్టం అడిగిన కనీస బీమా 10,000 డాలర్లు. బీమా చాల్లేదన్న ఒక్క కారణంతో యజమాని సొంత ఆస్తి మీదికి వెళ్లలేమని కోర్టు తేల్చింది. అమెరికా లా కాలేజీల్లో ఈ కేసు ఇప్పటికీ చెబుతారు. నీతి సంగతి అటుంచి, మీ పేరు మీద కాకుండా కంపెనీ పేరు మీద కొనడానికి కారణం ఇదే. కంపెనీ లెక్కలు మీ సొంత ఖాతాలో కలిపేస్తే ఆ రక్ష పోతుంది. అప్పు కోసం వ్యక్తిగత పూచీ సంతకం పెడితే ఆ అప్పు మేరకు ఎలాగూ పోతుంది.

మూడోది బకాయిలు. ప్రతి ప్రయాణం మీద ప్రయాణికుడు కట్టే కొన్ని వసూళ్లు యజమాని చేతుల మీదుగా సర్కారుకు చేరాలి. ప్రజా రవాణా సంస్థకు 50 సెంట్లు, 2019 ఫిబ్రవరి నుంచి మన్‌హట్టన్ రద్దీ వసూలు 2.50 డాలర్లు, ఇంకా టాక్సీల మెరుగుదల రుసుము. డ్రైవర్ దగ్గర వసూలై, ఏజెంట్ దగ్గర ఆగి, సర్కారుకు చేరకుండా పోయిన డబ్బు చివరకు లైసెన్స్ ఉన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. ఒక్కో ప్రయాణానికి చిల్లరే, కానీ రోజుకు ఇరవై ప్రయాణాల లెక్కన ఏడాదికి వేలల్లో తేలుతుంది. అమ్మేవాడి దగ్గర ప్రతి గడువుకూ కట్టిన రసీదులు అడగండి.

నాలుగోది బిళ్ల రకం. కొన్నిటికి ఏ కారైనా పెట్టొచ్చు. కొన్ని వీల్‌చైర్ ఎక్కే బండికే, కొన్ని ప్రత్యామ్నాయ ఇంధనపు బండికే. నగరం 2013లో వికలాంగుల సంఘాలతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2020 నాటికి టాక్సీల్లో సగం వీల్‌చైర్ ఎక్కేవి కావాలి. కాలేదు. ఆ లక్ష్యం కోసం కోర్టు ఒత్తిడి ఆగలేదు కాబట్టి, రకం ఏదైనా సరే, తర్వాత పెట్టబోయే బండి ర్యాంపు ఉన్న వ్యానే అనుకుని ఖర్చు వేసుకోండి. మార్పు చేసిన వ్యాన్ మామూలు సెడాన్ కంటే ప్రియం, బరువు, ఇంధనమూ ఎక్కువే తాగుతుంది. కారు డ్రైవర్‌దే కదా అని ఊరుకోవద్దు, అతని ఖర్చు పెరిగితే మీ లీజులోంచే తగ్గుతుంది.

బిళ్ల చేతికొచ్చాక బండిని టాక్సీగా కట్టించడాన్ని అక్కడి గ్యారేజీల్లో హ్యాక్ అప్ అంటారు. పసుపు రంగు, మీటరు, పైన దీపం, వెనక తెర, కార్డు తీసుకునే యంత్రం, అన్నీ బిగించి వుడ్‌సైడ్‌లోని టీఎల్‌సీ కేంద్రంలో పాసవ్వాలి. అక్కడితో అయిపోదు, నాలుగు నెలలకోసారి మళ్లీ అదే తనిఖీ. చక్రాల దగ్గరి బుషింగులు, పొగ, వెలిగి ఉన్న ఇంజిన్ దీపం లాంటివాటితో ఫెయిలైతే బండి ఆగుతుంది, లీజూ ఆగుతుంది. బ్యాటరీ తీసి ఇంజిన్ దీపం ఆర్పి తీసుకెళ్లే ఎత్తు పనిచేయదు. కంప్యూటర్‌లో తనిఖీలు పూర్తి కాలేదని కనబడి వెనక్కి పంపేస్తారు. తనిఖీకి వారం ముందే మెకానిక్ దగ్గర ఒకసారి చూపించడమంటే, నూరు డాలర్లతో నాలుగు రోజుల లీజు కాపాడుకోవడమే.

బిళ్ల ఒక్కటే ఉన్నవాళ్లు చాలామంది ఏజెంట్‌కి అప్పజెబుతారు. ఆ ఒప్పందంలో నెలకు స్థిరంగా ఇంత అని రాసి ఉన్నా, బిళ్ల స్టోరేజీలో ఉన్న నెలకు ఇవ్వనక్కర్లేదన్న షరతు ఎక్కడో ఉంటుంది. అప్పుడది స్థిరమైన అద్దె కాదు. స్టోరేజీలో పెట్టే నిర్ణయం ఎవరిది, ముందు ఎన్ని రోజుల నోటీసు, జరిమానాలు ఎవరివి, వసూళ్లు కట్టిన రుజువు ప్రతి త్రైమాసికం ఇస్తాడా, బీమా ఎవరి పేరున ఉంది, 30 రోజుల నోటీసుతో బయటికి రావచ్చా, ఇవి స్పష్టంగా లేకపోతే సంతకం వద్దు. బీమా కంపెనీ పరిస్థితి కూడా అడగాలి. నగరంలో అద్దె వాహనాలకు ఎక్కువ భాగం బీమా ఇచ్చే కంపెనీయే భారీ లోటులో ఉందని 2024లో బయటపడింది. ప్రీమియం పెరిగితే ఆ బరువూ చివరకు లీజు మీదే పడుతుంది.

పన్ను సంగతి క్లుప్తంగా. మెడాలియన్ ధరను ఫెడరల్ పన్ను లెక్కలో 15 ఏళ్ల పాటు సమానంగా ఖర్చు రాసుకోవచ్చు. 1,20,000కి కొంటే ఏడాదికి 8,000. పైన చెప్పిన 12,000 నికరంలో అప్పుడు పన్ను పడేది 4,000 మీదే. అమ్మేటప్పుడు మాత్రం అలా రాసుకున్నదంతా కొన్న ధరలోంచి తగ్గించి లాభం కడతారు. అయిదేళ్లకు అదే 1,20,000కి అమ్మినా కాగితం మీద 40,000 లాభం చూపిస్తుంది, పన్ను తయారుగా ఉంచుకోవాలి. ఇంకోటి, అప్పిచ్చినవాడు బాకీ మాఫీ చేస్తే ఆ మాఫీ చేసిన మొత్తం ఆదాయం కింద లెక్క. ఆస్తుల కంటే అప్పులు ఎక్కువున్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ అడిగి దాఖలు చేస్తేనే. దీన్ని పట్టించుకోకుండా బాకీ తీరిందని ఊపిరి పీల్చుకున్నవాళ్లకి మరుసటి ఏడు పన్ను నోటీసు వచ్చింది.

కొన్నాక కన్నేసి ఉంచాల్సింది ధర మీద కాదు, డ్రైవర్ ముందున్న ఇతర దారుల మీద. మీ లీజుదారు రేపు యాప్ కారుకి మారగలిగితే మీ బేరసారాల బలం పోతుంది. 2018లో యాప్ కార్ల లైసెన్సులు ఆపినప్పుడు ఆ నంబరు పలకలకే అద్దె పుట్టింది, డ్రైవర్లకు పసుపు టాక్సీ మళ్లీ ఒక దారిగా కనబడింది. 2019లో యాప్ డ్రైవర్లకు కనీస వేతనం వచ్చాక కొందరు అటే మొగ్గారు. 2023 అక్టోబరులో విద్యుత్ కార్లకు లైసెన్సులు తెరవగానే వేల దరఖాస్తులు పడ్డాయి, నవంబరులో కోర్టు ఆపింది. ఇవన్నీ మెడాలియన్ నిబంధనలు కావు, అయినా మెడాలియన్ లీజును కదిలించేవి ఇవే. ఎదురుగాలులే కాదు, అనుకూలమైనవీ ఉన్నాయి. 2022 డిసెంబరులో మీటరు మొదటి అంకె 3 డాలర్లకు, జేఎఫ్‌కే నుంచి మన్‌హట్టన్ స్థిర చార్జీ 52 నుంచి 70కి పెరిగాయి. అదే ఏడు ఉబర్ తన యాప్‌లోంచి పసుపు టాక్సీలకు కూడా ప్రయాణాలు పంపుతానని ఒప్పందం చేసుకుంది. టీఎల్‌సీ బహిరంగ విచారణల అజెండా నెలకోసారి చదవడం మంచి అలవాటు, పది నిమిషాల పని.

అన్నిటికంటే చెడు జరిగితే, అంటే లైసెన్స్ పద్ధతే రద్దయితే, చేతికి ఎంతొస్తుంది? దీనికి ఇతర నగరాలు జవాబు చెప్పాయి. డబ్లిన్‌లో 2000 నవంబరులో పరిమితి ఎత్తేశారు. అప్పటిదాకా పదుల వేల పౌండ్లు పలికిన పలక ఒక్క రోజులో ఖాళీ రేకయింది. తర్వాత వేసిన కష్టనష్టాల కమిటీ మరీ చితికినవాళ్లకి గరిష్ఠంగా 15,000 యూరోలు ఇచ్చింది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2017లో పాత లైసెన్సులు రద్దు చేసి, మొదటిదానికి లక్ష ఆస్ట్రేలియా డాలర్లు, ఆపై మూడింటి వరకు ఒక్కోదానికి 50,000 ఇచ్చింది. 2023లో సిడ్నీ పలకకు 1,50,000 దక్కింది. ఒక్క లైసెన్స్ ఉన్న చిన్న యజమానికి ఎంతోకొంత వచ్చింది, విక్టోరియాలో ఎక్కువ పలకలు పోగేసినవాళ్లకి ఒక్కోదానికి తక్కువే. న్యూయార్క్ ఊరటలోనూ అదే మొగ్గు కనిపించింది.

అమ్మకం వైపు కొన్ని సులువులు వచ్చాయి. ఒకప్పుడు వ్యక్తిగత బిళ్ల కొన్నవాడు ఏడాదికి ఇన్ని షిఫ్టులు తానే నడపాలన్న నియమం ఉండేది. కార్పొరేట్ బిళ్లలు జతగానే కొనాల్సి ఉండేది. 2017లో నగరం ఆ గీత చెరిపి, బదిలీ పన్నును 5 శాతం నుంచి అర శాతానికి దించింది. అయినా అమ్మాలనుకున్న రోజునే కొనేవాడు దొరకడు. అనుమతులు, వేలిముద్రలు, తనఖా విడుదల, బకాయిల లెక్క, అన్నీ మీరు కొన్నప్పుడు అడిగినవే ఈసారి మిమ్మల్ని అడుగుతారు. అందుకే కొన్న మొదటి నెల నుంచే ఒక ఫైలు పెట్టండి. నెలవారీ లీజు జమలు, సర్కారుకు కట్టిన వసూళ్ల రసీదులు, తనిఖీ ఫలితాలు, బీమా ప్రమాద నివేదిక, తనఖా విడుదల కాగితం అందులో ఉండాలి. ఖాళీ నెలల్ని కూడా దాచకుండా రాసిపెట్టండి, కొనేవాడు నమ్మేది ఆ నెలలు కనబడే లెక్కనే.